రెండు సద్ది గిన్నెలు

మొన్న పక్కింటి పిల్ల మా ఇంటికి వచ్చింది. నర్సు ట్రైనింగు అయిపోయింది, వచ్చే నెల డ్యూటీలో చేరుతోంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "అమ్మమ్మ, మీరు గోదావరిఖనిల గన్నేండ్లు కాన్పులు చేసిన్రు కద, ఈ పనిల అన్నిటికన్న కష్టమైంది ఏంది?" అని అడిగింది. రక్తం పోవడమనో, ఎదురుకాళ్ల బిడ్డ అనో చెబుతానని అనుకుని ఉంటుంది. నేను "అత్త" అన్నాను.

పిల్ల కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను గాని, అన్న మాట అబద్ధం కాదు. ఎదురుకాళ్ల బిడ్డను ఎట్లా తీయాలో పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. కడుపుతో ఉన్న కోడలి ముందు అత్త చేత కంచం పెట్టించడం ఎట్లాగో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజు ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నాకు ప్రమోషను ఎప్పుడొచ్చింది, ఏ ఆఫీసరు ఎక్కడ సంతకం పెట్టాడు, అవన్నీ వదిలేస్తున్నాను. నిజం చెప్పాలంటే అవి నాకే గుర్తు లేవు.

గోడ మీది ఆపిల్ పండు

నేను గని దవాఖానలో నర్సుగా గోదావరిఖనికి వచ్చింది అరవయ్యో దశకం చివర్లో. మాది మంథని వైపు పల్లె. అప్పటికి ఖని ఇంకా ఊరి రూపానికి రాలేదు. గనులు, వాటి పక్కన వరసగా క్వార్టర్లు, క్వార్టర్ల వెనక గుడిసెలు, అన్నిటి మీదా మసి. క్వార్టర్ల వరసలను అందరూ లైన్లు అనేవారు. చుట్టుపక్కల పల్లెల్లో నాగలి పట్టినవాళ్లే వచ్చి బొగ్గు పనిలో చేరారు. గనిని బాయి అనేవాళ్లు, చేనులో బావిని అన్నట్టే. మొగవాళ్లు బాయిలోకి దిగేవారు, ఆడవాళ్లు కడుపులతో మా దవాఖానకు వచ్చేవారు. వచ్చేవారంటే, నొప్పులు మొదలయ్యాకనే లెండి.

మొదటి ఏడాది అక్కడ పుట్టే పిల్లలను చూసి నాకు బెంగ పట్టుకుంది. తండ్రులేమో బొగ్గు నింపిన ఇనుప టబ్బులను పట్టాల మీద నెట్టే వస్తాదులు. బిడ్డలేమో ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పుట్టేవాళ్లు. కొందరు నెలలు నిండకుండానే వచ్చేసేవారు. బతికినవాళ్లలో కూడా కొందరు ఆలస్యంగా కూర్చునేవారు, ఆలస్యంగా నడిచేవారు, ప్రతి వానాకాలం దగ్గుతో మా దగ్గరికే వచ్చేవారు. బిడ్డ పుట్టాక మేం పడే తంటాలన్నీ సగం ఆలస్యమైపోయిన తంటాలని అప్పుడే అర్థమైంది. అసలు పని తల్లి కడుపులో బిడ్డ ఉండగానే, ఆమె వంటింట్లో మొదలు కావాలి.

మా పెద్ద డాక్టరుగారికి కూడా అదే బాధ. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మంచివాడు, కోపిష్టి, రెండూ ఒకే నిమిషంలో. "తల్లి తినకపోతే బిడ్డకి ఎక్కణ్ణించి వస్తుందండీ!" అని బల్ల గుద్ది, ఒక పెయింటరును పిలిపించి దవాఖాన గోడ మీద బొమ్మ వేయించారు. ఆపిల్ పండు, ద్రాక్ష గుత్తి, బ్రెడ్డు, గ్లాసెడు పాలు. కింద 'గర్భిణీ స్త్రీలు ఇవి తినవలెను' అని అక్షరాలు.

ఒకామె ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది.

"నర్సమ్మ, గీ ఎర్ర పండు ఏంది?"

"ఆపిల్ పండు."

"ఏడ దొరుకుతది?"

"కాశ్మీరుల పండుతదట."

"అగో! గంత దూరం పోయి వచ్చేసరికి కాన్పు తొవ్వలనే అయితది గద."

డాక్టరుగారు లోపల నుంచి విన్నారు. మర్నాడు పెయింటరు మళ్లీ వచ్చాడు. ఈసారి తోటకూర, పల్లీలు, బెల్లం, ఎండుచేపలు, గుడ్డు వేశాడు. ఆ గుడ్డును ఎంత పెద్దగా వేశాడంటే, చాలామంది గుమ్మడికాయ అనుకున్నారు. అయినా ఆదివారం అంగట్లో దొరికేవే గోడ మీద ఉండాలన్న సంగతి మాకు తెలిసివచ్చింది. ఆ డాక్టరుగారిలో నాకు నచ్చింది కూడా అదే. తప్పని తెలిస్తే మర్నాటికల్లా దిద్దుకునేవారు.

బొగ్గు గోలీలు

రాజవ్వ తన కోడలు లచ్చమ్మను వెంటబెట్టుకుని వచ్చింది డెబ్బయ్యో దశకం మొదట్లో. ఆ ఇంట్లో నలుగురు. రాజవ్వ కొడుకు మల్లేశం బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. రాజవ్వ భర్త ఓదెలు ఒకప్పుడు బాయిలో దిగినవాడే. కాలు విరిగాక కూడా కొన్నేళ్లు కుంటుతూనే బాయిలో దిగి, తర్వాత లాంప్ రూంకు మారాడు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ తల దీపాన్ని కిటికీలోంచి అందించడం ఆయన డ్యూటీ. నవ్వించకుండా ఎవరికీ దీపం ఇవ్వడని పేరు.

లచ్చమ్మ అప్పటికి రెండుసార్లు కన్నది. ఇద్దరూ నెలలు నిండకముందే పుట్టారు, ఇద్దరూ పురిటి మంచం దిగలేదు. ఇది మూడోసారి. చుట్టాలు అప్పటికే మల్లేశానికి ఇంకో పిల్లను చూడమని గుసగుసలాడుతున్నారు. అటువంటి మాటను ఇంటి గడప తొక్కనివ్వని మనిషి రాజవ్వ. నా ముందు కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది.

"నర్సమ్మ, ఈసారన్న బతకాలె. నా కోడలు బంగారం. దాని కడుపే మంచిగ లేదు."

"కడుపు మంచిగనే ఉన్నదవ్వ. కడుపులకు పోయేదే సాలుతలేదు" అన్నాను. లచ్చమ్మ కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం పట్టడానికి ఇనుము గోలీలు ఇచ్చి పంపాను.

వారం తిరక్కుండానే రాజవ్వ సుడిగాలిలా వచ్చింది. వచ్చీ రాగానే, "ఏం గోలీలిచ్చినవ్ నర్సమ్మ? దాని కడుపంత బొగ్గయింది!" అంది. విషయమేమిటంటే, ఇనుము గోలీలు మింగితే విరేచనం నల్లగా వస్తుంది. వేరే ఊళ్లో అయితే ఇంకేదో అనుకునేవారు. ఖనిలో బొగ్గు అనుకున్నారు. "బాయిల దిగేది నా కొడుకు, బొగ్గు దీని కడుపుల కెట్ల పోయింది? గవి బొగ్గు పొడితోని చేసిన గోలీలే" అని తేల్చి, అన్నిటినీ తీసుకుపోయి పొయ్యిలో వేసింది. మండలేదట. మండకపోవడం చూసి, మరీ నాసి బొగ్గు అనుకుందట.

నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్లి వచ్చాను. తర్వాత నిదానంగా చెప్పాను, మందు ఒంట్లోకి పోయిందనడానికి ఆ నలుపే గుర్తు అని. అప్పటి నుంచి ఎవరికి గోలీలిచ్చినా ముందే చెప్పేదాన్ని: "నల్లగ రాకపోతే నాతోని కొట్లాటకు రాండ్రి." ఆ తర్వాత ఆడవాళ్లు దవాఖాన మెట్లెక్కుతూనే, నలుగురూ వినేటట్టు, "నర్సమ్మ, మస్తు నల్లగ వస్తున్నది!" అని గొప్పగా చెప్పేవారు. డాక్టరుగారు తలుపేసుకునేవారు.

పొగ విషయంలో రాజవ్వ అంత సతాయించలేదు. పచ్చి బొగ్గును గాలి ఆడని వంటింట్లో రాజేస్తే ఆ పొగ కడుపులో బిడ్డకు కూడా చేటని చెప్పాను. "నా కండ్లు గూడ మండుతున్నయి తియ్యి" అని పొయ్యిని వాకిట్లోకి మార్చింది. బొగ్గు కాలి, పొగంతా పోయి ఎర్రబడ్డాకనే లచ్చమ్మను దగ్గరికి రానిచ్చేది.

బాయిల మనిషి ఉండంగ

గోలీలు మింగుతోంది, పొగ తగ్గింది, అయినా లచ్చమ్మకు నెలలు పెరిగినట్టు కడుపు పెరగడం లేదు. ఏదో దాస్తున్నారనిపించి, ఒక మధ్యాహ్నం చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. వంట ఎప్పుడో అయిపోయింది. గిన్నెల మీద మూతలున్నాయి. అత్తాకోడళ్లిద్దరూ గడప మీద కూర్చుని బాయి దిక్కు చూస్తున్నారు.

"తిన్నరా?"

"లే."

"ఎందుకు తినలె? ఒండుకున్నరు గద."

లచ్చమ్మ తల దించుకుంది. రాజవ్వ చెప్పింది. "బాయిల మనిషి ఉండంగ మేం ముద్ద ముట్టం బిడ్డ."

ముందు నాకు ఒళ్లు మండింది. పొద్దుటి షిఫ్టుకు మల్లేశం సద్ది, అంటే తిండి మూట, పట్టుకుని చీకటితో పోతాడు, పొద్దు వాలాక వస్తాడు. రెండో షిఫ్టు అయితే ఇంకా ఘోరం, రాత్రి తిండి అర్ధరాత్రి దాటాకనే. కడుపుతో ఉన్న మనిషి అన్నం ముందు పెట్టుకుని ఆ పొద్దంతా ఎండుకుపోతోందన్నమాట! రెండు మాటలు అనబోయాను. ఈలోగా రాజవ్వ కారణం చెప్పింది, నా కోపం అక్కడికక్కడే చల్లబడింది.

వాళ్లు ఖనికి రాకముందు బెల్లంపల్లి వైపు ఉండేవారు. మల్లేశం అప్పటికి పాకే పిల్లాడు. ఒకరోజు రాజవ్వ ఆకలికి ఆగలేక, ఓదెలు పైకి రాకముందే తిన్నదట. చెయ్యి కడుక్కుంటూ ఉండగానే నలుగురు మనుషులు ఆయనను మంచం మీద మోసుకొచ్చారు. బాయిలో కప్పు కూలి కాలు విరిగిందన్నారు. "నా ఎంగిలి చెయ్యి గింత ఆరలె నర్సమ్మ" అంది రాజవ్వ. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట చెబుతూ ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అప్పటి నుంచి బాయిలో తన మనిషి ఉంటే ఆమె తినదు. కొడుకు బాయిలోకి దిగాక ఆ కట్టుబాటు కోడలికీ వచ్చింది.

దీన్ని మొండితనమని ఎట్లా అంటాం? ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క రక్ష అది. సంగతి చెబితే డాక్టరుగారు మాత్రం "మూఢనమ్మకం! పదండి, నేను చెప్తాను" అని బయల్దేరారు. రాజవ్వ ఆయనకు కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది, చెప్పినదంతా చేతులు కట్టుకుని విని "సరే సారు" అంది. ఆయన సంతోషంగా తిరిగొచ్చారు. కొత్తగా చేరే పిల్లలు ఒకటి గుర్తుంచుకోండి. లైన్లలో "సరే సారు" అంటే కాదని అర్థం. మీతో పోట్లాడే మనిషే మీ మాట ఎప్పటికైనా వింటుంది.

ఓదెలు చెబితే వింటుందేమోనని లాంప్ రూంకు పోయాను. ఖనిలో అందరూ ఆయనను 'కాక', అంటే బాబాయి, అనేవారు. "కాక, ఆ దినం రాజవ్వ తిన్నందుకే కప్పు కూలలేదని మీరన్న చెప్పున్రి" అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి ముఖం వాడిపోయింది. తుడిచిన దీపాన్నే మళ్లీ తుడుస్తూ, "గది నాతోని కాదు బిడ్డ" అన్నాడు. ఈయనకు కూడా భయమే కాబోలు అనుకుని వెనక్కి వచ్చేశాను.

బొమ్మిడాయల పులుసు

ఏడో నెలలో లచ్చమ్మ నల్లా దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఇరుగుపొరుగు వాళ్లు మంచం మీద మా దవాఖానకు మోసుకొచ్చారు. సాయంత్రం పూట. డాక్టరుగారు కడుపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు. "బిడ్డ గుండె కొట్టుకుంటోంది" అన్నారు మెల్లగా. "కానీ ఈ పిల్ల ఇట్లాగే ఎండుతూ పోతే, ఇది కూడా ముందే వచ్చేస్తుంది. ఈసారి తల్లి సంగతి కూడా చెప్పలేం." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

వేడి పాలు, బ్రెడ్డు తెప్పించాను. లచ్చమ్మ పెదవులు బిగించుకుంది. మల్లేశం ఆ రోజు పొద్దుటి షిఫ్టు మీద రెండో షిఫ్టు కూడా చేస్తున్నాడు, అర్ధరాత్రికి గాని పైకి రాడు.

"ఆయన బాయిల ఉన్నడు నర్సమ్మ."

నేను రాజవ్వ వైపు తిరిగాను. ఆమె పెదవులు కూడా ఎండిపోయి ఉన్నాయి. కోడలు మాత్రమే కాదు, తనూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కళ్ల నిండా నీళ్లు.

"తాగుమని అనాలనే ఉన్నది బిడ్డ, నోరు వస్తలేదు. ఒక పాణం దక్కించుకోబోయి ఇంకో పాణం పోగొట్టుకుంటనా? ఆడ ఉన్నది నా కొడుకు."

నాకు తెలిసిన శాస్త్రమంతా ఆ గ్లాసు దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు ఓదెలు వచ్చాడు. లాంప్ రూం నుంచి కుంటుతూ ఉరికి వచ్చినట్టున్నాడు, ఎగపోస్తున్నాడు. తలుపు పట్టుకుని నిలబడి కోడలిని చూశాడు, తాగని పాలు చూశాడు, భార్యను చూశాడు.

"రాజీ, ఆ దినం కప్పు కూలలె" అన్నాడు.

"ఏ దినం?"

"నా కాలు ఇరిగిన దినం."

రాజవ్వ అర్థం కానట్టు చూసింది. ఓదెలు నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయాడు.

"ఎంకటి ఉండె గద, నా జోడి మనిషి. వాని సద్ది గిన్నెల బొమ్మిడాయల పులుసు ఉండె. వాసన బాయంత కొడుతున్నది. వాడు టబ్బు దిక్కు పోయిండు. ఒక్క ముక్క తీసుకుందమని నేను గిన్నె కాడికి ఉరికిన. చీకట్ల ఇనుప తాడు కాళ్లకు తట్టుకున్నది. బోర్ల పడ్డ. గంతే. కప్పు లేదు, కూలుడు లేదు."

డాక్టరుగారు గోడ వైపు తిరిగి, ఆ గుమ్మడికాయంత గుడ్డు బొమ్మను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఆఫీసుల నిజమే చెప్పిన" అన్నాడు ఓదెలు. "నన్ను మోసుకొచ్చినోళ్లకు ఒట్టు పెట్టిన, ఇంట్ల కప్పు కూలిందని చెప్పున్రి అని. పులుసు దొంగతనానికి పోయి కాలు ఇరగ్గొట్టుకున్నడంటే లైన్లల్ల మొకం ఏడ పెట్టుకుందు? నువ్వు పస్తులుండుడు షురూ చేసినంక చెప్పాలనే అనుకున్న. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట అనుకుంట ఇన్నేండ్లు గడిచినయి."

"అంటే... నేను తిన్నందుకు కాదా?" అంది రాజవ్వ.

"నువ్వు తిన్నందుకు కాదే. నేను తినబోయినందుకు."

రాజవ్వ లేచింది. "ఓరి నీ నోట్ల మన్నువడ! నీ పాణం కోసమని జరమొచ్చినా ముద్ద ముట్టకుంట పేగులెండబెట్టుకున్న గదరా ముసలోడా! బొమ్మిడాయలకా? గా చేప ముక్కకా?" అంటూ ఆయన భుజం మీద రెండు చరిచింది. మూడోది చరవబోయి ఆగింది. ముందు ఏడుపు వచ్చింది, ఏడుపు మధ్యలో నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆగలేదు. మేమంతా నవ్వాం. ఓదెలు ఒక్కడే నవ్వలేదు.

తర్వాత రాజవ్వ కళ్లు తుడుచుకుని గ్లాసు తన చేత్తోనే తీసుకుంది. "తాగు బిడ్డ."

"ఆయన..." అంది లచ్చమ్మ.

"వాడు వీని కొడుకే గద. ఈపాటికి ఎవని సద్ది గిన్నెల చెయ్యి పెట్టిండో. నువ్వు తాగు."

లచ్చమ్మ నవ్వుతూ తాగింది. సగం అయ్యాక పొలమారింది, మళ్లీ తాగింది. మిగిలిన బ్రెడ్డు రాజవ్వ తిన్నది. ఆమెను, కొడుకు బాయిలో ఉండగా, తింటూ చూడటం నాకు అదే మొదలు.

రెండో గిన్నె

ఒక్క రోజు నవ్వుకే ఇన్నేళ్ల భయం పోతుందనుకుంటే పొరపాటు. మూడు నాలుగు రోజులకు వాళ్లింటికి వెళ్లి చూస్తే, రాజవ్వ కోడలికి వడ్డిస్తోంది గాని చూపంతా బాయి మీదే ఉంది. అది చూసి లచ్చమ్మకు ముద్ద దిగడం లేదు. నిజం తెలిసింది, నమ్మింది, అయినా భయం వదల్లేదు. మనుషులంతే. నేనూ అంతే.

మల్లేశానికి వారపు సెలవు వచ్చిన రోజు మళ్లీ వెళ్లాను, ఇంట్లోనే ఉన్నాడు. "బాయిల సద్ది ఎప్పుడు తింటవ్ తమ్మీ?" అని అడిగాను.

"షిఫ్టు నడిమిట్ల తింటమక్క. అందరం ఒక్క దగ్గర కూసుంటం."

"నువ్వు ఆడ తినేటప్పుడు ఈమె ఈడ ఉత్త కడుపుతోని ఉంటదని నీకెరుకనా?"

మల్లేశం తల్లి వైపు, పెళ్లాం వైపు తెల్లబోయి చూశాడు. "నేను పోయినంక ఇద్దరు తింటరనుకున్న" అన్నాడు. దవాఖానకు మోసుకొచ్చిన సంగతి కూడా ఉత్త నీరసమనే చెప్పారట. అతనికి ఎవరూ అసలు మాట చెప్పలేదు, అతను ఎప్పుడూ అడగలేదు. ఖనిలో సగం ఇళ్ల కథ ఇదే.

అప్పుడు నాకు తట్టింది. "రాజవ్వ, పొద్దుగాల నీ కొడుకుకు సద్ది కడుతవు గద. రేపటి సంది రెండు గిన్నెలు కట్టు. అదే కూర, అదే రొట్టె, అసొంటిదే బట్ట. ఒకటి బాయిలకు పోతది, ఇంకోటి ఇంట్ల ఉంటది. వాడు ఆడ ఇప్పేటప్పుడు ఈమె ఈడ ఇప్పుతది" అన్నాను.

రాజవ్వ అలమరలో గిన్నెల దిక్కు చూసింది. "గట్లయితే ఇద్దరు కలిసి తిన్నట్టే గద?"

"కలిసి తిన్నట్టే."

"మరి నేను?"

"ఓదెలు కాక లాంప్ రూంల తింటడు గద. నీది ఆయనతోని జోడి."

"గా దొంగతోనా!" అంది గాని, మర్నాడు నేను పోయేసరికి అలమరలో రెండు గిన్నెలు మూట కట్టి ఉన్నాయి, ఒకటి కోడలిది, ఒకటి తనది. సద్ది వేళకు రాజవ్వ ఎండ పొద్దు చూసి, "ఇగ వాడు కూసుంటడు, నువ్వు గూడ కూసో" అని కోడలికి పీట వేసింది. ఇద్దరూ మూట విప్పారు. ఆ రోజు లచ్చమ్మ గిన్నె అడుగు కనబడేదాకా తిన్నది.

ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది దాదాపు ఇదే. తల్లి తినే తిండి, పీల్చే గాలి, ఒంట్లో రక్తం, పడుకునే నిద్ర, మనసులో ఫికర్, ఇవన్నీ బిడ్డదాకా పోతాయని చెప్పడం చాలా తేలిక. ఇప్పుడు పెద్ద పెద్ద మాటలతో ఇంకా బాగా చెబుతున్నారు. కానీ ఒక మనిషి చేతిలోంచి భయాన్ని తీసేసుకుంటే ఆ చేతికి వేరే ఏదైనా ఇవ్వాలి. రాజవ్వకు కొడుకును కాపాడుకునే పని ఒకటి కావాలి. పస్తుకు బదులు మూట కట్టడం ఇచ్చాం, అంతే.

లచ్చమ్మ బిడ్డ

నెలలు నిండాక లచ్చమ్మ నీళ్లాడింది. ఆడపిల్ల. బయటికి వస్తూనే పెట్టిన కేకకు వరండాలో నిద్రపోతున్న వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. తూకం వేస్తే డాక్టరుగారు నమ్మలేదు, "మళ్లీ తూచండి" అన్నారు. మళ్లీ తూచినా అంతే ఉంది. మల్లేశం షిఫ్టు దిగి ఒంటి నిండా బొగ్గుతోనే ఉరికొచ్చాడు. పళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. "తానం చేసొస్తేనే బిడ్డ" అని నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. వెళ్లి ఎంత జల్దీగా వచ్చాడంటే, చెవుల వెనక బొగ్గు అట్లాగే ఉంది.

రాజవ్వ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కాళ్లు చూసింది, వేళ్లు చూసింది, బుగ్గ మీద వేలు పెట్టి చూసింది. పక్కన ఓదెలు వంగి చూస్తున్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండానే, చాలా మెల్లగా అంది.

"గీ ముచ్చట నువ్వు ముందుగాల్నే చెప్పి ఉంటే, ఆ ఇద్దరు..."

మాట పూర్తి చేయలేదు. ఓదెలు తల వాలిపోయింది.

నేను వెంటనే అందుకున్నాను. "రాజవ్వ, ఆ ఇద్దరు దేనికి పోయిన్రో నేను చెప్పలేను. డాక్టరుగారు గూడ చెప్పలేరు. ఒక్క తిండితోనే అన్ని కావు." ఓదార్చడానికి అన్న మాట కాదది, నిజం. మంచిగా తిన్న తల్లికి కూడా ముందే కాన్పు కావచ్చు. చిన్నగా పుట్టిన బిడ్డ తల్లిపాలు తాగి, వెచ్చగా ఒళ్లో ఉండి, నలుగురూ మాట్లాడించగా బడిలో అందరికన్నా ముందు నిలబడవచ్చు. అట్లాంటి వాళ్లను చాలామందిని చూశాను. వెనకబడినవాళ్లనూ చూశాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు గట్టిగా చెబుతున్నాను, పోయిన బిడ్డ భారాన్ని ఎవరి నెత్తినా పెట్టకండి. రాబోయే బిడ్డకు దారి చూడండి.

రాజవ్వ తల ఊపింది. బిడ్డను ఎత్తి ఓదెలు చేతుల్లో పెట్టింది. "పట్టుకో. కింద పడేసినవంటే రెండో కాలు నేనే ఇరగ్గొడుత" అంది. ఓదెలు బిడ్డను పట్టుకున్నాడు గాని, ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు.

లాంప్ రూం కిటికీ

తర్వాత కొన్నాళ్లకు ఒక వింత గమనించాను. నేను ఎన్నడూ అడుగుపెట్టని లైన్ల నుంచి ఆడవాళ్లు వచ్చి, "నర్సమ్మ, మా ఆయన రెండు గిన్నెలు కట్టుమంటుండు, ఏం కూర కట్టాలె?" అని అడుగుతున్నారు. మొగవాళ్లు చెబుతున్నారట! నేను మొగవాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తోచనూ లేదు. మా పాఠాలన్నీ ఆడవాళ్లకే. అదే మేం చేస్తూ వచ్చిన పెద్ద పొరపాటు.

ఎవరు చెబుతున్నారని అడిగితే, లాంప్ రూంకు పోయి చూడమన్నారు. షిఫ్టు మారే వేళకు పోయాను. కిటికీ ముందు పొడుగాటి వరస. ఓదెలు ఒక్కొక్కరి నంబరు బిళ్ల తీసుకుంటున్నాడు, దీపం తెస్తున్నాడు, కాని ఇవ్వడం లేదు. దీపాన్ని చేతిలోనే పట్టుకుని అడుగుతున్నాడు.

"ఇంటామె కడుపుతోని ఉన్నదా?"

"ఉన్నది కాక."

"రెండో గిన్నె కట్టుకున్నదా?"

"కట్టుకున్నది."

అప్పుడు దీపం చేతికి వస్తోంది. తర్వాత కొత్తగా పెళ్లయిన కుర్రవాడి వంతు వచ్చింది. "ఉన్నది కాక, అయిదో నెల" అన్నాడు సిగ్గుపడుతూ. "రెండో గిన్నె?" అంటే, "నాకెరుక లేదు కాక" అన్నాడు.

ఓదెలు దీపాన్ని వెనక్కి తీసుకున్నాడు. "ఎరుకైనంక రా."

"కాక, సైరన్ కూస్తది! జర ఇయ్యరాదె!"

"గందుకే జల్ది పో."

వెనక ఉన్నవాళ్లు గోల పెట్టారు. కుర్రవాడు ఓదెలు ముఖం చూశాడు, లాభం లేదని తెలుసుకుని లైన్ల వైపు పరుగు తీశాడు. ఇల్లు దగ్గరే ఉన్నట్టుంది. కాసేపటికి చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"కట్టుకున్నది కాక! నేను చెప్పినంక కట్టుకున్నది."

"ఏం కూర?"

"బొమ్మిడాయల పులుసు."

వరసంతా గొల్లుమంది. ఓదెలు కథ అప్పటికి ఖనిలో తెలియనివాళ్లు లేరు. తనే అందరికీ చెప్పుకున్నాడట. ఇన్నేళ్లు దాచుకున్న సిగ్గును కిటికీలో పెట్టుకుని కూర్చున్నాడు. "నీ గిన్నె పైలం బిడ్డ, దొంగలుంటరు" అని దీపం వెలిగించి చూసి, కుర్రవాడి చేతిలో పెట్టాడు.

అప్పుడు నన్ను చూశాడు. నవ్వుతున్నాడు గాని, కళ్లలో నీళ్లున్నాయి.

"ఒక్కపారి చెప్పక ఊకున్న నర్సమ్మ. ఇగ ఊకుంటనా?" అన్నాడు. అని, తర్వాతి మనిషి బిళ్ల కోసం చెయ్యి చాపాడు.

"ఇంటామె కడుపుతోని ఉన్నదా?"